వాహనం కాని వాహనం

వీధి దాటేటప్పుడు మనిషి కళ్లను ఎంతగా నమ్ముతాడో చెవులనూ అంతగానే నమ్ముతాడు. ఈ చిన్న సత్యం నాకు అరవై ఎనిమిదో ఏట తెలిసివచ్చింది. తెలియజెప్పినది చప్పుడు చేయని ఒక బండి.

2025 జూన్ నెలలో ఒక సాయంకాలం. విజయవాడ సత్యనారాయణపురంలో మా సందు పెద్ద వీధిలో కలిసే చోట నా భార్య రోడ్డు దాటబోతున్నది. నేను కూరల సంచితో నాలుగడుగులు వెనుక ఉన్నాను. నలభై ఏళ్లుగా చేస్తున్నట్లే ఆమె ఒక్క క్షణం ఆగి, చెవి ఒగ్గి విన్నది. లారీ లేదు, ఆటో లేదు, మోటారు సైకిలు లేదు. అడుగు ముందుకు వేసింది. మరుక్షణం నేలమీద పడి ఉన్నది. ప్రక్కనే ఒక విద్యుత్తు స్కూటరు ఒరిగి పడి ఉన్నది. దాని చక్రం ఇంకా తిరుగుతూనే ఉన్నది, అప్పుడు కూడా నిశ్శబ్దంగానే.

నడిపినవాడు పంతొమ్మిదేళ్ల కుర్రవాడు. ఇళ్లకు సరుకులు చేరవేసే పని. వీపున పెద్ద సంచీ. అతడు పారిపోలేదు. మోచేయి చీరుకుపోయి రక్తం కారుతున్నా, "పెద్దమ్మగారూ, లేవకండి, కదలకండి" అంటూ తన సంచీనే ఆమె తల క్రింద పెట్టాడు. ఆటో ఆపినదీ అతడే. ఆటో నడిపే ఆయన మాత్రం కొంత సంకోచించాడు. "తరువాత నన్ను స్టేషను చుట్టూ తిప్పరు గదా?" అన్నాడు. ఆ భయానికి ఇప్పుడు ఆస్కారం లేదు. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 134ఎ సెక్షను ప్రకారం, క్షతగాత్రులకు సద్బుద్ధితో సాయపడినవారి మీద దావాగాని, కేసుగాని నిలవదు. కాని ఆనాడు ఆ మాట చెప్పగల జ్ఞానం నాకూ లేదు. చేతులు జోడించాను, అంతే.

ఆమె ఎడమ తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో పదకొండు రోజులు ఉన్నాం. శస్త్రచికిత్సకు, మందులకు కలిపి రెండు లక్షల పదివేల రూపాయలు అయింది. పింఛను మీద బ్రతికే మాస్టారిని, బ్యాంకులో దాచుకున్నది తీశాను. రోడ్డు ప్రమాద బాధితులకు నియమిత ఆసుపత్రులలో మొదటి ఏడు రోజులు, లక్షన్నర రూపాయల వరకు నగదు చెల్లించనక్కరలేని చికిత్స లభించే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2025 మే నెలలోనే ప్రకటించింది. ఆ సంగతి నాకు తెలిసేసరికి ఆ ఏడు రోజులూ గడిచిపోయినవి.

పోలీసు స్టేషనులో అడిగిన మొదటి ప్రశ్న, "బండి నెంబరెంత, సార్?"

"నెంబరు లేదు" అన్నాను.

ఆయన కలం ఆగింది. ఆ ఆగిన కలం దగ్గరే మా కథ అసలు మొదలైందని చెప్పవచ్చు.

నా దగ్గర తొమ్మిదో తరగతిలో తెలుగు చదువుకున్న శిష్యుడొకడు ఇప్పుడు ఈ ఊళ్లోనే న్యాయవాది. అతడు ఆసుపత్రికి వచ్చి, కుర్చీ దగ్గరకు లాక్కుని, పాఠం చెప్పినట్లు నెమ్మదిగా చెప్పాడు.

"మాస్టారూ, విద్యుత్తు స్కూటర్లు రెండు జాతులు. ఒకటి, ఆకుపచ్చ నెంబరు పలక ఉన్నది. దానికి రిజిస్ట్రేషన్ ఉంటుంది, నడిపేవాడికి లైసెన్సు ఉండాలి, ఇతరులకు హాని జరిగితే చెల్లించే బీమా తప్పనిసరి. అటువంటి బండి గుద్దితే పెట్రోలు బండి గుద్దినట్లే. రెండోది, మోటారు శక్తి 250 వాట్లకు లోబడి, వేగం గంటకు 25 కిలోమీటర్లకు లోబడి ఉండేది. అటువంటిది మరికొన్ని షరతులకు కూడా సరిపోయి, పరీక్షా సంస్థ ఆమోదం పొందితే, 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం అది మోటారు వాహనమే కాదు."

"మరి నా భార్యను గుద్దినదేమిటి, నాయనా?"

అతడు వెంటనే జవాబు చెప్పలేకపోయాడు.

అది మోటారు వాహనం కాకపోతే కలిగే ఫలితాలు ఒక్కొక్కటే వివరించాడు. రిజిస్ట్రేషన్ లేదు గనుక యజమాని ఎవరో రికార్డులో ఉండదు. బీమా లేదు గనుక చెల్లించే సంస్థ ఉండదు. మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునల్ తలుపు తెరుచుకోదు. తప్పు ఎవరిదని నిరూపించనక్కరలేకుండానే తీవ్రంగా గాయపడినవారికి రెండున్నర లక్షలు, మరణిస్తే కుటుంబానికి ఐదు లక్షలు ఇప్పించే 164వ సెక్షను కూడా మోటారు వాహనాలకే గాని ఇతరమైనవాటికి వర్తించదు. మిగిలేవి రెండే దారులు. ఒకటి, భారతీయ న్యాయ సంహిత క్రింద క్రిమినల్ కేసు. ప్రజామార్గంలో నిర్లక్ష్యంగా నడిపినందుకు 281వ సెక్షను, గాయపరచినందుకు 125వ సెక్షను ఉన్నవి. దానివల్ల శిక్ష పడవచ్చునేమో గాని ఆసుపత్రి ఖర్చు రాదు. రెండు, సివిల్ కోర్టులో నష్టపరిహారపు దావా. అక్కడ కోరిన మొత్తాన్ని బట్టి కోర్టు రుసుము కట్టాలి. ఏళ్లు గడిచి గెలిచినా, ఆ డిక్రీ అమలు జరపవలసినది నెలకు పదిహేనువేలు తెచ్చుకునే కుర్రవాడి మీద.

గంటకు 25 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు ఏడు మీటర్లు. యాభై అరవై కిలోల బండి, దానిమీద మనిషి, సరుకుల సంచీ. శాసనకర్తల దృష్టికి అది నెమ్మది వేగమే కావచ్చు. అరవై రెండేళ్ల స్త్రీ ఎముకకు ఆ తారతమ్యం తెలియదు.

"ఒక్క ఆశ ఉన్నది, మాస్టారూ" అన్నాడు శిష్యుడు లేస్తూ. "ఆ బండి నిజంగా 25 దాటనిదేనా అన్నది చూడాలి."

అతని సలహా మీద, ఆ స్కూటరును రవాణా శాఖ తనిఖీ అధికారి చేత పరీక్ష చేయించమని పోలీసులకు వ్రాతపూర్వకంగా అర్జీ పెట్టాను. పరీక్షలో తేలినది ఇది: వేగాన్ని అదుపులో ఉంచే తీగ ఒకటి కత్తిరించి ఉన్నది. బండి 40 దాటి పరుగెత్తుతున్నది.

కుర్రవాడిని అడిగితే ఆశ్చర్యపోయాడు. వారం వారం అద్దె కట్టి ఒక దుకాణం నుంచి తీసుకున్న బండి అది. "లైసెన్సు అక్కర్లేదన్నారు సార్. అందరి బళ్లూ అట్లాగే పోతాయి" అన్నాడు. అబద్ధమాడుతున్నట్లు నాకు తోచలేదు.

తీగ తెగి ఉండడంతో బండి జాతి మారిపోయింది. 25 దాటే బండి చట్టం దృష్టిలో మోటారు వాహనం. రిజిస్ట్రేషన్, బీమా లేకుండా దానిని అద్దెకు తిప్పిన యజమాని ఇప్పుడు జవాబుదారీ. ట్రిబ్యునల్ తలుపు తెరుచుకున్నది. మిత్రులు సంతోషించారు. నేనూ సంతోషించాను. కాని ఆ రాత్రి నిద్రపట్టక ఆలోచిస్తే ఆ సంతోషం ఎంత విపరీతమైనదో అర్థమైంది. ఎవరో ఒక తీగ కత్తిరించి నేరం చేసినందువల్ల నా భార్యకు హక్కు కలిగింది. ఆ తీగ చెక్కుచెదరకుండా ఉండి, ఆ బండి నిబంధనల ప్రకారం నడిచి, ఆమెను అదే చోట, అదే విధంగా పడవేసి ఉంటే, ఆమెకు సులువైన దారి ఏదీ ఉండేది కాదు. గాయం అదే, నొప్పి అదే, ఖర్చు అదే. హక్కు మాత్రం ఒక తీగకు వ్రేలాడుతున్నది.

అర్జీ వ్రాసేటప్పుడు మరొక గడి ఎదురైంది. "బాధితుల వృత్తి, ఆదాయం." నా కలం అలవాటుగా "ఏమీ లేదు" అని వ్రాయబోయింది. శిష్యుడు నా చేయి పట్టుకుని ఆపాడు.

"గృహిణి పనికి విలువ కట్టాలని సుప్రీంకోర్టు 2001 లోనూ, 2010 లోనూ, మళ్లీ 2021 లోనూ చెప్పింది, మాస్టారూ" అన్నాడు. 2021 జనవరి నాటి తీర్పులో మన కృష్ణా జిల్లాలో పుట్టిన జస్టిస్ ఎన్.వి. రమణ గారు విడిగా వ్రాసిన భాగాన్ని నాకు చదివి వినిపించాడు. 2019 నాటి ప్రభుత్వ సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పనికి స్త్రీ రోజుకు సగటున 299 నిముషాలు వెచ్చిస్తుండగా, పురుషుడు వెచ్చించేది 97 నిముషాలట. నా వాటా ఆ తొంభై ఏడుకు కూడా చేరదని నాకు తెలుసు. ఆమె మంచం పట్టిన తరువాత వంటకు, ఇంటి పనికి, ఆమెను కనిపెట్టుకుని ఉండడానికి మనుషులను పెట్టుకుని నెలకు పద్నాలుగువేలు ఇచ్చాను. అంత ఇచ్చినా ఇల్లు మునుపటివలె నడవలేదు. నలభై ఏళ్లపాటు ఆ పనికి నేను పెట్టిన పేరు "ఏమీ లేదు."

ఆ గడిలో "గృహ నిర్వహణ" అని వ్రాశాను. ఒకనాడు లెక్కకు రాని ఆ పనిని న్యాయస్థానాలు లెక్కలోకి తెచ్చినవి. లెక్కకు రాని బండి విషయంలో అటువంటి రోజు ఇంకా రావలసి ఉన్నది.

ఆ కుర్రవాడి సంగతి ఇంకా చెప్పలేదు. అర్జీలో అతని పేరు కూడా ప్రతివాదిగా చేర్చవలసి వచ్చింది. నా భార్య ఒప్పుకోలేదు. "ఏమండీ, పారిపోకుండా నిలబడినందుకా అతనికి ఈ శిక్ష?" అన్నది. నిర్లక్ష్యం నిరూపించాలంటే నడిపినవాడు కేసులో ఉండక తప్పదనీ, యజమాని, నడిపినవాడు ఉమ్మడిగా బాధ్యులైనప్పుడు పూర్తి సొమ్ము యజమాని వద్దనే వసూలు చేసుకోవచ్చుననీ శిష్యుడు నచ్చజెప్పిన తరువాత గాని ఆమె సంతకం పెట్టలేదు.

అద్దె దుకాణం తరఫున వచ్చిన జవాబులో ఒక వాక్యం ఉన్నది: ఆమె చూడకుండా రోడ్డు దాటింది గనుక తప్పులో ఆమెకూ భాగమున్నది. ఆ వాదన నెగ్గితే పరిహారంలో ఆ మేరకు తగ్గుతుంది. ఆమెను అడిగాను. "చూశానో లేదో గుర్తులేదు. విన్నాను మాత్రం" అన్నది. ఆ మాట ఆమె సాక్ష్యంలో కూడా చెబుతుంది. తీర్పు ఎట్లా వచ్చినా అబద్ధం చెప్పించే ఉద్దేశం నాకు లేదు.

మా అనుభవం వల్ల ఇతరులకు ఉపయోగపడగలిగినవి నాలుగు మాటలు ఉన్నవి. నెంబరు పలక లేని బండి తగిలితే, అది కదిలిపోకముందే దానిని, మోటారు మీద ఉన్న చీటీని, ఛాసిస్ నెంబరును ఫొటో తీయించండి. స్టేషనులో ఎఫ్.ఐ.ఆర్. వ్రాయించి, బండిని తనిఖీ చేయించమని వ్రాతపూర్వకంగా కోరండి. ప్రతి బిల్లూ, డాక్టరు వ్రాసిన ప్రతి చీటీ దాచండి. ట్రిబ్యునల్ అర్జీకి 2022 ఏప్రిల్ 1 నుంచి ఆరు నెలల గడువు విధించారు. ఆ గడువు మీద సుప్రీంకోర్టుకు వ్యాజ్యాలు చేరినవి గాని, వాటిని నమ్ముకుని ఆలస్యం చేయకండి. అర్జీని మీరు నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్‌లోనే వేయవచ్చు. బాధితురాలు స్త్రీ అయితే, ఆమె ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. ఈ చివరి మాట 1987 నాటి చట్టంలోనే ఉన్నది. చదువుకున్నవాణ్ణనుకునే నాకు 2025 దాకా తెలియలేదు.

మేము అయిదో నెలలో అర్జీ వేశాము. విచారణ సాగుతున్నది. నా భార్య ఇప్పుడు చేతికర్ర ఊతతో నడుస్తున్నది. నేలమీద కూర్చుని పూజ చేసుకోలేదు. దేవుడి పీటను బల్ల మీదికి మార్చాము. ఆ కుర్రవాడు ఆ ఉద్యోగం మానుకోలేదు, మానుకోలేడు కూడా. ఇప్పుడు ఆకుపచ్చ పలక ఉన్న బండి నడుపుతున్నాడు. అప్పుడప్పుడు మా వీధిలోకి వచ్చినప్పుడు, మలుపు దగ్గర అవసరం ఉన్నా లేకపోయినా హారను మ్రోగిస్తాడు.

ఆ చప్పుడు వినబడగానే ఆమె వంటింట్లో నుంచి, "అదుగో, మన అబ్బాయి" అంటుంది.