ఎవులు పాడేరు బాబూ?

సావనీరుకు ఏదైనా రాయమని మన కల్చరల్ సెక్రటరీ అడిగితే, "నాకు కవిత్వం రాదు, కథ అంతకన్నా రాదు" అన్నాను. "పోనీ, నీకు వచ్చిందేదో రాయి" అన్నాడు. నాకు వచ్చింది ఒక్కటే: పాటల్ని కంప్యూటరులో కోసి, అతికి, సాపు చెయ్యడం. అందులో బాగా చేసినవాటి గురించి రాస్తే గొప్పలు చెప్పుకున్నట్టుంటుంది. కనుక పాడుచేసిన ఒక పాట గురించి రాస్తున్నాను.

మా హాస్టల్ మెస్సులో వంట చేసిన తాత సీనియర్లందరికీ తెలుసు. ఆయన సాంబారు గురించి భిన్నాభిప్రాయాలు ఉండవచ్చుగాని, ఆయన గొంతు గురించి రెండో మాట లేదు. రాత్రి గుండిగలు తోముతున్న వేళ ఒక ఊడుపుల పాట అందుకునేవాడు. పాలకొండ వైపు పల్లెలో, వరి ఊడుపులకు వెళ్ళే వాళ్ళమ్మ వెనక తిరుగుతూ నేర్చుకున్న పాట. 2023లో తాత పని మానేసి ఊరికి వెళ్ళిపోతున్నాడని తెలిసింది. వెళ్ళేలోగా ఆ పాట రికార్డు చేసి, డప్పూ వేణువూ కలిపి, వార్షికోత్సవంలో వినిపించాలని అందరం తీర్మానించుకున్నాం. భారం నా నెత్తిన పడింది. నిజం చెప్పాలంటే నేనే ఎత్తుకున్నాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం నా గదిలో ఫ్యాను ఆపి, కిటికీలకు దుప్పట్లు కట్టి, అరువు తెచ్చిన మైకు ముందు తాతను కూర్చోబెట్టాం. మూడు చరణాలు, మూడు నిమిషాలు. చెమటలు కారుతున్నా ఒక్క ఊపులో పాడేశాడు. చరణానికొక ఫైలుగా దాచాను. అంతవరకూ ఏ తప్పూ లేదు. తప్పులన్నీ ఆ తరవాత మొదలయ్యాయి.

నేను వాడేది రీపర్ అనే సాఫ్ట్‌వేర్. కొత్త ప్రాజెక్టు తెరవగానే టెంపో 120 అని చూపిస్తుంది. అంటే నిమిషానికి 120 దెబ్బలు, దెబ్బకు అర సెకను. ఈ లెక్క కంప్యూటరు కనిపెట్టింది కాదు. 1815లో మేల్‌జెల్ మెట్రోనోమ్ యంత్రానికి పేటెంటు తీసుకున్నప్పటినుంచీ పాశ్చాత్యులు దెబ్బల్ని నిమిషాల లెక్కన కొలుస్తున్నారు. తాత నడక చూస్తే సుమారు 90 ఉంది. సరే కదా అని, గొంతు ఫైళ్ళు ప్రాజెక్టులో పెట్టేశాక, 120 కొట్టేసి 90 వేశాను.

మూడు నిమిషాల పాట నాలుగు నిమిషాలైంది! శ్రుతి మారలేదుగాని ప్రతి అక్షరమూ ఆవలిస్తోంది. మా రూమ్మేటు విని, "తాతకి నిద్రమాత్ర వేశావా ఏమిటి?" అన్నాడు.

సంగతేమిటంటే, ప్రాజెక్టులో పెట్టిన ప్రతి ముక్కనూ గడియారానికైనా కట్టవచ్చు, దెబ్బలకైనా కట్టవచ్చు. గడియారానికి కడితే టెంపో మార్చినా గొంతు ఉన్నచోటే ఉంటుంది, వెనక గీసిన గీతలు మాత్రం జరుగుతాయి. దెబ్బలకు కడితే గీతలతోపాటు గొంతూ సాగుతుంది. నేను చూసుకోకుండా దెబ్బలకు కట్టేశాను. తెలిశాక వెనక్కి వెళ్ళి, గడియారానికి కట్టి, మళ్ళీ 90 వేస్తే పాట మూడు నిమిషాలకు వచ్చింది.

అక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసమే ఉండేది కాదు. కాని తాత గొంతు గీతల మీద కూర్చోవడం లేదు. పల్లవిలో 94 దాకా పరుగెత్తుతుంది. చరణంలో ప్రతి పాదం చివరా 84కి దిగి, ఒక క్షణం ఆగి, మళ్ళీ అందుకుంటుంది. పాపం, పెద్దవాడు, తాళం తప్పుతున్నాడనుకున్నాను. రెండు రాత్రులు మేలుకుని, మాట మాటకూ ఒక గుర్తు పెట్టి, లాగవలసినచోట లాగి, నొక్కవలసినచోట నొక్కి, అన్నిటినీ గీతల మీదికి తెచ్చాను. చూడడానికి డ్రిల్లు చేసే ఎన్.సి.సి. కుర్రాళ్ళ వరసలా తయారైంది. లాప్‌టాప్‌లో చోటు చాలడం లేదని సాపు చేసిన గొంతును కొత్త ఫైలుగా రాసుకుని, పాతవన్నీ చెరిపేశాను. ఇల్లు ఊడ్చినంత తృప్తి!

మర్నాడు తాతను పిలిచి వినిపించాం. కళ్ళు మూసుకుని ఆసాంతం విన్నాడు.

"బాగుంది బాబూ. ఎవులు పాడేరేటి?"

వేళాకోళం కాదు, నిజంగానే అడిగాడు. "నువ్వే తాతా" అన్నాను.

"నానా?" అని కాసేపు ఆలోచించాడు. "మరి అడుగు తీసినకాడ ఆగలేదేటి బాబూ?"

అప్పుడు చెప్పాడు. ఊడుపుల్లో ఆడవాళ్ళు వరసగా వంగుని, నారు నాటుతూ వెనక్కి నడుస్తారు. పాదం అయ్యేసరికి వరసంతా ఒక్కసారి అడుగు వెనక్కి తీస్తుంది. కాలు బురదలోంచి రావాలి కదా, అంతవరకూ పాట ఆగుతుంది. తాత తాళం తప్పలేదు. నలభైమంది కాళ్ళు బురదలోంచి వచ్చే వ్యవధి అది. నేను దాన్ని తప్పనుకుని దిద్దేశాను.

ఆ రాత్రి అసలు గొంతుకోసం వెతికాను. పాత ప్రాజెక్టు తెరుచుకుందిగాని, ఫైళ్ళు దొరకలేదని చెప్పింది. ప్రాజెక్టు ఫైలంటే పాట కాదు. ఏ ధ్వని ఏ ఫోల్డరులో ఉంది, ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ తెగాలి అని రాసుకున్న చీటీ మాత్రమే. తాత భాషలో చెప్పాలంటే, వంట చీటీ మిగిలింది, బియ్యమూ పప్పూ పోయాయి. వేణువు వాయించే మిత్రుడికి సాధన కోసం పెన్‌డ్రైవులో ఇచ్చిన మొదటి రెండు చరణాలూ దొరికాయి. మూడోది నేను సాపు చేసిందే మిగిలింది. దాన్ని తిరిగి వంచడానికి ప్రయత్నించాను. వంచవచ్చు. కాని ఎక్కడ ఎంత ఆగాలన్నది నా ఊహ అవుతుంది, తాత ఆగడం కాదు. అప్పటికే ఆయన ఊరికి వెళ్ళిపోయాడు. బస్సెక్కి వెళ్ళాను. దగ్గు పట్టుకుని ఉన్నాడు, పల్లవి దాటలేకపోయాడు. కాఫీ ఇచ్చి పంపాడు.

మిగిలిన రెండు చరణాలతో మళ్ళీ మొదలెట్టాను. ఈసారి గొంతును గీతల మీదికి లాగలేదు, గీతల్నే గొంతు దగ్గరికి తెచ్చాను. పాట వింటూ వేలితో దెబ్బ వేసి, ప్రతి ఆవర్తం మొదట్లో ఒక టెంపో గుర్తు పెట్టాను: 90, 94, 84, ఆగడం, మళ్ళీ 89. దాన్ని టెంపో మ్యాపు అంటారు. శ్రుతి తల్లి, లయ తండ్రి అని మన పెద్దలంటారు. తండ్రి నడిచినట్టు మనం నడవాలిగాని, తండ్రిని మన నడకకు లాగకూడదని తెలియడానికి నాకు ఒక చరణం ఖర్చయింది. డప్పు మిత్రుడు ఆ మ్యాపు ప్రకారం వాయిస్తే పాట పొలంలో దిగినట్టుంది.

వార్షికోత్సవం నాడు రెండు చరణాలే వినిపించాం. మూడోదాని స్థానంలో డప్పు ఒక్కటే మోగింది. చప్పట్లు బాగానే పడ్డాయి. ఎవరికీ తేడా తెలియలేదు, ముందు వరసలో కూర్చున్న ఒక్కరికి తప్ప. కిందికి దిగగానే తాత నా చెయ్యి పట్టుకుని, "ఇంకోటి ఉండాలి గదా బాబూ" అన్నాడు. తల వంచుకున్నాను. భుజం తట్టి మెస్సు వైపు వెళ్ళిపోయాడు, పాత స్నేహితుల్ని పలకరించడానికి.

జూనియర్ మిత్రులకు నాలుగు ముక్కలు. ప్రతి పాటకూ ఒక ఫోల్డరు పెట్టుకోండి, ధ్వని ఫైళ్ళన్నీ అందులోకే చేర్చండి. పాత ప్రాజెక్టు మీద రాయకండి, తేదీ వేసి కొత్త పేరుతో దాచుకోండి. ‘ఫైనల్’, ‘అసలు ఫైనల్’ అన్న పేర్లు పెట్టుకుంటే మూడు నెలల తరవాత మీకే అర్థం కాదు. టెంపో ముట్టుకునే ముందు ముక్కలు దేనికి కట్టి ఉన్నాయో చూసుకోండి. అన్నిటికన్నా ముందు, రికార్డు చేసిన రోజే అసలు ఫైళ్ళను మరో రెండు చోట్ల పెట్టి, ఇక వాటి జోలికి పోకండి.

సెలవుల్లో ఇళ్ళకు వెళుతున్నారు. మీ ఊళ్ళో మీ అమ్మమ్మో, పక్కింటి పెద్దమ్మో పాడుతుంటే ఫోను తీసి రికార్డు చెయ్యండి. మధ్యలో ఆగితే తప్పనుకోకండి. ఎందుకు ఆగిందో అడగండి. నేను అడగలేదు.