లేక్‌వుడ్ మంచు గోదాములో

బయట జూలై ఎండ. తలుపు దాటితే మైనస్ 36 డిగ్రీలు. అమెరికాలో డెన్వర్ పక్కనున్న లేక్‌వుడ్‌లో, నేషనల్ సైన్స్ ఫౌండేషన్ వారి మంచు గోదాము ఇది. గ్రీన్‌లాండ్‌లోను, అంటార్కిటికాలోను తవ్వి తీసిన మంచు కడ్డీలు ఇక్కడ 20 వేల మీటర్లకు పైగానే ఉన్నాయి. మీటరు చొప్పున కోసి, వెండిరంగు గొట్టాల్లో పెట్టి, అరల్లో పేర్చారు. వాళ్లిచ్చిన లావుపాటి కోటు వేసుకున్నా కాసేపటికే నా వేళ్లు కొంకర్లు పోయాయి.

కోత పని జరిగే పక్కగది మైనస్ 24. దీని తర్వాత అది వెచ్చగానే అనిపించింది! మమ్మల్ని తిప్పి చూపించినావిడ ఒక ముక్కను దీపానికెదురుగా పట్టుకుంది. లోపల సన్నని బుడగలు. కురిసిన మంచు గట్టిపడేటప్పుడు చిక్కుకుపోయిన గాలి అది. ముక్కను శూన్యంలో నలిపి ఆ గాలిని కొలుస్తారు. అంటార్కిటికా మంచులో ఇలా దొరికిన 8 లక్షల ఏళ్ల లెక్కలో, పది లక్షల పాళ్ల గాలిలో కార్బన్ డయాక్సైడ్ 300 పాళ్లు దాటలేదు. ఇప్పుడు 420 దాటింది.

“వాతావరణం ఎప్పుడూ మారుతూనే ఉందిగా మావయ్యా!” అన్నాడు మా మేనల్లుడు. మారింది, అదే భయం. 1993లో అడుగున రాయి తగిలేదాకా, 3 వేల మీటర్లకు పైగా తవ్విన గ్రీన్‌లాండ్ కడ్డీ ఈ అరల్లోనే ఉంది. 11,700 ఏళ్ల కిందట అక్కడ కొద్ది దశాబ్దాల్లోనే దాదాపు 10 డిగ్రీలు వేడెక్కిందని చెప్పినవాటిలో అదొకటి. అంత తొందరగా తిరగబడే దాన్ని కెలుకుతున్నాం. మంచుయుగం ముగిసేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ 80 పాళ్లు పెరగడానికి వేల ఏళ్లు పట్టింది. 1958 నుంచి మనం పెంచింది 100కు పైనే.

నన్ను పట్టుకున్నది మాత్రం సీసం కథ. గ్రీన్‌లాండ్ మంచులో సీసం విపరీతంగా పెరిగిందని 1960లలో క్లెయిర్ ప్యాటర్సన్ అనే శాస్త్రవేత్త బృందం తేల్చింది. దోషి సీసం కలిపిన పెట్రోలు. 1970లలో అమెరికా దాన్ని తగ్గించడం మొదలుపెట్టింది. 1990ల ఆరంభానికల్లా అక్కడ కొత్తగా కురిసిన మంచులో సీసం ఏడో వంతుకు దిగింది. మనుషులు చేసిన చట్టం ఎవరూ ఉండని మంచు మైదానంలో కొలతకందింది!

కార్బన్ డయాక్సైడ్‌నూ ఇలాగే దించొచ్చు అనిపిస్తుంది. అయితే ఈ పోలిక ఇక్కడికే. సీసం కొద్ది వారాల్లో నేలకు దిగిపోతుంది, కార్బన్ డయాక్సైడ్‌లో కొంత వేల ఏళ్లు గాలిలోనే ఉంటుంది. విడుదలను కొంత తగ్గించినా పేరుకుంటూనే పోతుంది. అప్పుడు పెట్రోల్లో కలిపే మందొకటి మానేస్తే సరిపోయింది. ఇప్పుడు పెట్రోలు, బొగ్గు రెండింటినీ వదలాలి. మేనల్లుడు చమురు కంపెనీలో ఇంజినీరు. తిరుగు దారిలో ఈ విషయం మీదే గంటసేపు వాదించుకున్నాం.