రంగుదారాల సంచి

కొనకు కొక్కెం ఉన్న సూది ఒకటి, రెండు మూడు రంగుల దారపు ఉండలు, కాస్త ఓపిక - ఇవి ఉంటే చాలు, అందమైన చేతిసంచిని మనమే అల్లుకోవచ్చు. మగ్గం అక్కరలేదు. యంత్రమూ అక్కరలేదు. దీనినే క్రోషియా అల్లిక అంటారు.

ఈ పని మా ఇంటికి మామ్మతో వచ్చింది. ఆమె పుట్టిల్లు గోదావరి తీరాన నరసాపురం దగ్గర. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు ఆ ప్రాంతంలో నేర్పిన లేసు అల్లిక, క్రమంగా వేలమంది స్త్రీలకు జీవనాధారమయింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించింది. మామ్మ ఒడిశాలోని బరంపురానికి కాపురానికి వస్తూ తన సూదిని వెంట తెచ్చుకొంది. ఆమె అల్లినదంతా తెల్లనూలు లేసే. రంగుల సంచి అల్లడం నేను తరువాత నేర్చుకొన్నాను. సూది పట్టే తీరు మాత్రం ఆమెదే.

సంచిని అడుగు నుంచి మొదలుపెట్టాలి. మొదటి చుట్టులో 6 కుట్లు వేసి, ఆపైన ప్రతి చుట్టుకూ 6 చొప్పున పెంచుతూ పోతే పళ్లెం లాంటి అడుగు ఏర్పడుతుంది. 16వ చుట్టుకు 96 కుట్లు వస్తాయి. అక్కడ పెంచడం ఆపితే అల్లిక గోడలా పైకి లేస్తుంది. 12 కుట్ల వెడల్పు గల పువ్వయితే చుట్టూ సరిగ్గా 8 సార్లు వస్తుంది. 10 కుట్ల పువ్వయితే చివర 6 కుట్లు మిగిలిపోతాయి. లెక్క కుదిరితేనే అందం కుదురుతుంది.

రంగులు మార్చడంలోనే అసలు నేర్పు ఉంది. ఎర్రదారంతో అల్లుతున్నప్పుడు పసుపుదారాన్ని కింది వరుస అంచు మీద పరచి, దానిని లోపల కప్పుతూ కుట్టు వేయాలి. పసుపు రంగు రావలసిన చోటికి ముందున్న ఎర్రకుట్టును పసుపుదారంతో ముగించాలి. అప్పుడే రంగు చెదరదు. లోపలి దారాన్ని బిగించి లాగితే సంచి ముడుచుకొంటుంది. వదులుగా విడిస్తే దారం బయటికి తొంగిచూస్తుంది.

ఒకనాడు మా అమ్మాయి పక్కన కూర్చొని చూస్తూ, “అమ్మా! పైకి కనబడని దారాన్ని వెంట మోసుకుపోవడం దేనికి? తెంపేస్తే సరిపోదా?” అని అడిగింది.

“తెంపిన చోటల్లా ముడి వేయాలమ్మా. ముడి ఎప్పటికైనా ఊడవచ్చు. లోపల నడిచే దారం వల్లనే సంచి మందంగా, గట్టిగా ఉంటుంది. వంతు రాగానే ఆ దారమే పువ్వయి పైకి వస్తుంది” అన్నాను.

అమ్మాయి కాసేపు ఆలోచించి, “నేను వీధిలో ఒడియా మాట్లాడుతున్నప్పుడు, లోపల మన తెలుగు ఉన్నట్లా?” అంది.

అవునన్నాను. ఒడియా మాకు అన్నం పెట్టిన నేల భాష. అది మా సంచికి ఒక రంగు. తెలుగు మరొక రంగు. ఏ ఒక్కటి తెంపుకొన్నా పువ్వు సగమే మిగులుతుంది.

మీ ఇంట్లోనూ ఏదో ఒక చేతిపని తెలిసిన పెద్దలు ఉంటారు. వారి పక్కన కూర్చొని చూడండి. ఉండ, చుట్టు, కుట్టు, ముడి అంటూ వారు పలికే మాటలు వినండి. పనితోపాటు ఆ మాటలు కూడా మీకు అలవడతాయి.