ఒక్క పాయింటు

2014 డిసెంబరు 22. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, యాన్ ఆర్బర్ పట్టణం. మిషిగన్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టు తన సొంతగడ్డ క్రిస్లర్ సెంటర్‌లో ఆడుతోంది. అవతల కాపిన్ స్టేట్ జట్టు. వరసగా నాలుగు మ్యాచులు ఓడిపోయి ఉసూరుమంటున్న మిషిగన్‌కి ఆ రోజు గెలుపు ఖాయమైపోయింది. ఆట ముగియడానికి ఇంకా కొద్ది క్షణాలే ఉంది. మామూలుగా అయితే జనం కోట్లు తొడుక్కుని, కార్ల తాళాలు వెతుక్కుంటూ బయటికి నడిచే సమయం అది.

కానీ ఎవరూ కదలడం లేదు. అందరి కళ్లూ ఒక్కడి మీదే ఉన్నాయి. ఆరడుగుల ఆరంగుళాల కుర్రాడు. పేరు ఆస్టిన్ హ్యాచ్. షాట్ వేయబోతుంటే అవతలి ఆటగాడు తగిలాడు. రిఫరీ ఫౌల్ ఇచ్చాడు. ఆస్టిన్ ఫ్రీత్రో గీత దగ్గర నిలబడ్డాడు.

బాస్కెట్‌బాల్‌లో ఫ్రీత్రోని మించి తేలికైన పని లేదంటారు. బోర్డుకి పదిహేను అడుగుల దూరంలో నిలబడాలి. పదడుగుల ఎత్తున ఉన్న రింగులో బంతి వేయాలి. ఎవరూ అడ్డు రారు, ఎవరూ చెయ్యి అడ్డం పెట్టరు. పడితే ఒక్క పాయింటు.

బంతి పడింది. హాలంతా లేచి నిలబడింది. బెంచీ మీదున్న తోటి ఆటగాళ్లు ఎగిరి గంతేశారు. స్కోరుబోర్డు మీద మిషిగన్ 72, కాపిన్ స్టేట్ 56. పదహారు పాయింట్ల తేడాతో గెలిచిన మ్యాచులో ఆ ఒక్క పాయింటుకి లెక్క ప్రకారం ఏ విలువా లేదు. అయినా దేశమంతటా వార్త అయింది మాత్రం అదే.

ఎందుకంటే ఆ ఒక్క పాయింటు కోసం ఆ కుర్రాడు మూడున్నరేళ్లు ప్రయాణం చేశాడు. నడక దగ్గర్నుంచీ అన్నీ మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంటూ!

మొదటి దెబ్బ

ఇండియానా రాష్ట్రంలోని ఫోర్ట్ వేన్ ఆస్టిన్ సొంత ఊరు. మనకు క్రికెట్ ఎలాగో ఇండియానా వాళ్లకు బాస్కెట్‌బాల్ అలాగ. ఇళ్ల ముందు, గోదాముల గోడలకు, బడి ఆవరణలో... ఎక్కడ చూసినా ఒక రింగు కనిపిస్తుంది. తండ్రి స్టీఫెన్ మత్తు డాక్టరు. విమానం నడపడం ఆయన సరదా. ఇంట్లో అమ్మ జూలీ, పదకొండేళ్ల అక్క, అయిదేళ్ల తమ్ముడు. మధ్యలో ఎనిమిదేళ్ల ఆస్టిన్.

2003 సెప్టెంబరు 1. మిషిగన్‌లో సెలవులు గడిపి, కుటుంబమంతా తమ చిన్న విమానంలో ఇంటికి తిరిగొస్తోంది. నడుపుతున్నది తండ్రే. ఇల్లు చేరడానికి ఇంకాసేపు ఉందనగా విమానం కూలిపోయింది. మంటలు లేచాయి. అమ్మ, అక్క, తమ్ముడు అక్కడికక్కడే పోయారు. తండ్రి ఎలాగో ఆస్టిన్‌ని బయటపడేశాడు. అయిదుగురు ఎక్కిన విమానంలోంచి ఇద్దరే మిగిలారు.

ఒక ఇంట్లో ఒకరు పోతేనే ఆ ఖాళీ ఏళ్ల తరబడి తీరదు. ముగ్గురు ఒకేసారి పోతే? తండ్రీ కొడుకులిద్దరూ ఒకరికొకరై బతికారు. కొడుకుని బడికి పంపడం, ఆటకు తీసుకెళ్లడం, మ్యాచులు చూడటం... తండ్రి లోకమంతా వాడే అయ్యాడు. కొన్నేళ్లకు స్టీఫెన్ మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. కింబర్లీ రాకతో ఆ ఇంట్లో మళ్లీ దీపం వెలిగింది. ఆస్టిన్ పొడుగ్గా ఎదిగాడు. స్కూలు జట్టులో పాయింట్లు కురిపించాడు. చుట్టుపక్కల పేరు మారుమోగింది.

మిషిగన్ యూనివర్సిటీ కోచ్ జాన్ బైలీన్ కన్ను ఆస్టిన్ మీద పడింది. మా జట్టులోకి వస్తే పూర్తి స్కాలర్‌షిప్ ఇస్తామన్నాడు. అమెరికాలో పెద్ద కాలేజీ జట్టులో చోటు దొరకడమంటే చిన్న విషయం కాదు. దేశంలో వేలమంది పిల్లలు కలలు కనే చోటది. అది తల్లీ తండ్రీ చదువుకున్న యూనివర్సిటీ కూడా. 2011 జూన్ 15న ఆస్టిన్ సరేనన్నాడు. అప్పటికి అతనికి పదహారేళ్లు.

సరిగ్గా తొమ్మిది రోజులు గడిచాయి.

మళ్లీ అదే

2011 జూన్ 24. మిషిగన్ ఉత్తరాన షార్లవాయ్ అనే చిన్న ఊరు. స్టీఫెన్, కింబర్లీ, ఆస్టిన్ ఉన్న చిన్న విమానం అక్కడి ఎయిర్‌పోర్టుకు దగ్గర్లో ఒక ఇంటి గ్యారేజీని ఢీకొట్టి కూలిపోయింది. ఇప్పుడు కూడా నడుపుతున్నది తండ్రే. స్టీఫెన్, కింబర్లీ చనిపోయారు. ఆస్టిన్ మాత్రం కొన ఊపిరితో మిగిలాడు.

పిడుగు ఒకే చోట రెండుసార్లు పడదంటారు. ఆ మాట ఈ పిల్లవాడి విషయంలో అబద్ధమైంది. ఎనిమిదేళ్లప్పుడు కన్నతల్లి, తోడబుట్టినవాళ్లు. పదహారేళ్లప్పుడు తండ్రి, ఆ ఇంటికి మళ్లీ వెలుగు తెచ్చిన తల్లి. మొదటి ప్రమాదంలో మంటల్లోంచి తనను బయటపడేసిన చేతులు రెండో ప్రమాదంలో లేకుండా పోయాయి.

ఎముకలు విరిగాయి. ఊపిరితిత్తి దెబ్బతింది. అన్నింటికంటే పెద్ద దెబ్బ తలకు తగిలింది. మెదడుకు బలమైన దెబ్బ తగిలితే అది వాస్తుంది. పుర్రె గట్టి గిన్నెలాంటిది, సాగదు. లోపల ఒత్తిడి పెరిగితే ప్రాణానికే ముప్పు. అందుకే డాక్టర్లు మందులిచ్చి మెదడు పనిని తగ్గించి, మనిషిని కోమాలో ఉంచుతారు. ఆస్టిన్ సుమారు ఎనిమిది వారాలు అలాగే ఉన్నాడు. బతుకుతాడా అన్నది మొదటి ప్రశ్న. బతికితే ఎలా బతుకుతాడు అన్నది రెండోది. మళ్లీ బాస్కెట్‌బాల్ ఆడతాడా అన్న ప్రశ్న ఆ రోజుల్లో ఎవరి నోటి వెంటా వచ్చే వీలే లేదు.

కళ్లు తెరిచాక అతనికి ఎదురైంది రెండు కష్టాలు. ఒకటి, నాన్న లేడన్న నిజం. రెండోది, తన మాట తాను వినని సొంత ఒళ్లు. కూర్చోవడం నేర్చుకోవాలి. నిలబడటం నేర్చుకోవాలి. మాట్లాడటం, తినడం, ఒక అడుగు తర్వాత ఇంకో అడుగు వేయడం... ఏడాది పిల్లలు నేర్చుకునేవన్నీ పదహారేళ్లవాడు మళ్లీ నేర్చుకోవాలి. పసిపిల్లవాడికి ఒక సుఖముంది. నిన్న తను ఎలా ఉండేవాడో వాడికి తెలియదు. ఆస్టిన్‌కి తెలుసు. కొన్ని వారాల కిందటే గాల్లోకి ఎగిరి బంతిని రింగులో వేసిన వాడు తను.

మెదడు దెబ్బ విరిగిన ఎముకలాంటిది కాదు. కట్టు కట్టి ఆరు వారాలు ఆగితే అతుక్కునేది కాదు. ‘కాలు ఎత్తు’ అని మెదడు పంపే కబురు కాలికి చేరే దారే దెబ్బతింటుంది. ఒక పనిని వందలసార్లు, వేలసార్లు చేస్తే ఆ దారి కొంచెం కొంచెంగా తెరుచుకుంటుంది. ఎంత తెరుచుకుంటుందో ఎవరూ ముందుగా చెప్పలేరు. కష్టపడటం ఒక్కటే చేతిలో ఉన్న పని. ఆటగాడికి ఆ అలవాటు ముందే ఉంది.

కోచ్ నిలబెట్టుకున్న మాట

ఈ కథలో రెండో కథానాయకుడు ఉన్నాడు. కోచ్ జాన్ బైలీన్.

ఆస్టిన్ సరేనన్నది నోటిమాటగా మాత్రమే. కాగితం మీద సంతకాలేం జరగలేదు. అమెరికా కాలేజీ ఆటల్లో నోటిమాటలు మారిపోవడం కొత్తేం కాదు. మోకాలు విరిగితేనే ‘చూద్దాంలే’ అనేవాళ్లున్న లోకం అది. అప్పటి నిబంధనల ప్రకారం ఒక జట్టుకు ఉండేది పదమూడు స్కాలర్‌షిప్‌లే. ఒక్కటి తగ్గినా లోటే. పైగా బైలీన్ జట్టు అప్పుడు మామూలు స్థాయిలో లేదు. 2013లో జాతీయ చాంపియన్‌షిప్ ఫైనల్ దాకా వెళ్లింది. అలాంటి జట్టులో చోటు కోసం దేశంలోని మేటి ఆటగాళ్లు వరసకట్టి ఉంటారు.

అయినా బైలీన్ మాట మార్చలేదు. ఆస్టిన్ ఆడగలిగినా, ఆడలేకపోయినా స్కాలర్‌షిప్ అతనిదేనన్నాడు. 2013 నవంబరులో కాగితాల మీద సంతకాలు కూడా అయిపోయాయి.

ఆలోచిస్తే, మంచం మీదున్న పిల్లవాడికి డాక్టర్లు ఇవ్వలేని మందేదో ఆ మాటలో ఉంది. ఇల్లు పోయింది, ఇంట్లోవాళ్లు పోయారు. కానీ రేపటిలో ఒక చోటు మాత్రం అతని పేరు మీద అలాగే ఉంది. నేర్చుకునే ప్రతి అడుగూ ఎటువైపు వేయాలో తెలిసింది.

లాస్ ఏంజిలెస్‌లో...

కొంతకాలానికి ఆస్టిన్ బంధువుల దగ్గరుండి చదువుకోవడానికి లాస్ ఏంజిలెస్ వెళ్లాడు. అక్కడ లొయోలా హైస్కూలులో చేరాడు. మళ్లీ బంతి పట్టాడు. పాత వేగం లేదు. పక్కకు తిరగాలంటే ఒక క్షణం ఆలస్యం. పదేళ్లవాడు చేసే పనికి కూడా చెమటలు పట్టేవి. అయినా జట్టుతో పాటు రోజూ ప్రాక్టీసుకు వెళ్లాడు.

2014 జనవరి. ప్రమాదం జరిగిన రెండున్నరేళ్ల తర్వాత మొదటిసారి అసలైన మ్యాచులో కోచ్ అతన్ని కోర్టులోకి దింపాడు. బంతి చేతికొచ్చింది. దూరం నుంచే విసిరాడు. తిరిగొచ్చాక వేసిన మొదటి షాటే త్రీ పాయింటర్! తోటి పిల్లల సంబరం చూడాలి ఇక!

సినిమా అయితే కథ ఇక్కడి నుంచి ఒకటే పరుగు. కుర్రాడు పెద్ద జట్టులోకి వెళ్తాడు, ఆఖరి క్షణంలో గెలిపించే షాట్ కొడతాడు, తెర మీద పేర్లు పడతాయి. జీవితం అలా నడవలేదు.

2014లో ఆస్టిన్ యాన్ ఆర్బర్‌లో అడుగుపెట్టాడు. అక్కడున్నది దేశంలోని మేటి కుర్రాళ్లు. వాళ్ల పక్కన పరుగెత్తడమంటే రోజూ అందరికంటే వెనక రావడమే. ఒకప్పుడు తనే అందరికంటే ముందుండే ఆటలో. అయినా వెళ్లాడు. ఆ సీజన్‌లో కొద్ది మ్యాచుల్లో, ఫలితం తేలిపోయిన ఆఖరి నిమిషాల్లో, కోర్టులోకి దిగాడు. డిసెంబరు 22న ఆ ఫ్రీత్రో వేశాడు.

కాలేజీ రికార్డుల్లో ఆస్టిన్ హ్యాచ్ పేరు ఎదురుగా ఉన్న మొత్తం పాయింట్లు: ఒకటి.

అసలు పరీక్ష

ఆ ఏడాది మిషిగన్‌కి కలిసిరాలేదు. పదహారు గెలుపులు, పదహారు ఓటములు. 2015 వసంతంలో ఆస్టిన్ ఒక నిర్ణయం తీసుకున్నాడు. ఆటగాడిగా ఇక చాలు. వైద్య కారణాల కింద ఇచ్చే స్కాలర్‌షిప్‌కి మారాడు. దాంతో చదువు ఆగదు. కానీ ఆ స్కాలర్‌షిప్ పదమూడింటి లెక్కలోకి రాదు. అంటే ఆ చోటు ఇంకొక ఆటగాడికి దొరుకుతుంది. ఆస్టిన్ జట్టును వదిలి వెళ్లలేదు. విద్యార్థి సహాయకుడిగా బెంచీ మీదే కూర్చున్నాడు. కుర్రాళ్లకు ధైర్యం చెప్పాడు.

నిజానికి కథంతటిలోకీ కష్టమైన ఘట్టం ఇదేనేమో. చావు నుంచి తిరిగొచ్చి సాధించుకున్న చోటును తన చేత్తో తానే ఇంకొకరికి ఇవ్వడం! మొండితనం ఎక్కడి దాకా గొప్పతనమో, ఎక్కడి నుంచి కాదో తెలియడం చాలా కొద్దిమందికే సాధ్యం. పట్టు పట్టడం నేర్పే పాఠాలు బోలెడున్నాయి. పట్టు విడవడం నేర్పేవి తక్కువ. కోచ్ తన మాట నిలబెట్టుకున్నాడు. ఆ మాట జట్టుకు బరువు కాకుండా కుర్రాడు చూసుకున్నాడు. ఇద్దరూ ఒకరికొకరు చేసుకున్న గౌరవమిది.

2018 ఫిబ్రవరి. ఆఖరి ఏడాది విద్యార్థులకు వీడ్కోలు చెప్పే మ్యాచ్. ఆ రోజు ఆస్టిన్ మళ్లీ జట్టు దుస్తులు వేసుకుని క్రిస్లర్ సెంటర్‌లో నిలబడ్డాడు. ఆ ఏడాదే మిషిగన్ మళ్లీ జాతీయ ఫైనల్ దాకా వెళ్లింది. ఆ ఏడాదే ఆస్టిన్ పట్టా అందుకున్నాడు. ఆ ఏడాదే అదే యూనివర్సిటీ వాలీబాల్ జట్టులో ఆడిన అబీ కోల్‌ని పెళ్లి చేసుకున్నాడు. ఆ తర్వాత పిల్లలు పుట్టారు. ఊరూరా తిరిగి తన కథ చెబుతూ, కష్టాల్లో ఉన్నవాళ్లకు ధైర్యం నూరిపోసే వక్తగా మారాడు.

రెండుసార్లు కుటుంబాన్ని పోగొట్టుకున్నవాడు మూడోసారి కుటుంబాన్ని కట్టుకున్నాడు. దానికి ఎంత ధైర్యం కావాలో పోగొట్టుకున్నవాళ్లకే తెలుస్తుంది. ప్రేమించినవాళ్లు ఉంటేనే కదా పోతారన్న భయం ఉండేది! ఆ భయంతో తలుపులు మూసుకున్నా తప్పుపట్టేవాళ్లెవరూ లేరు. అతను మూసుకోలేదు.

మన ఇళ్లలో కూడా ఉంటారు ఇలాంటివాళ్లు. పక్షవాతం వచ్చిన చేత్తో మళ్లీ కాఫీ గ్లాసు ఎత్తిన తాతయ్య. భర్త పోయిన ఏడాదికి మళ్లీ కుట్టుమిషను ముందు కూర్చున్న పిన్ని. ప్రమాదం తర్వాత మూడోసారి పరీక్ష రాసి గట్టెక్కిన పక్కింటి కుర్రాడు. వాళ్ల కోసం హాలంతా లేచి నిలబడదు. స్కోరుబోర్డు మీద అంకె మారదు. అయినా ఆ గ్లాసు పైకి లేచిన రోజున ఆ ఇంట్లో ఎవరో ఒకరు చూసే ఉంటారు.

అది కూడా ఒక్క పాయింటే.