నేనేం ముట్టలేదన్నా!

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను ఆ పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. అందరికీ అది సీటీసీయే. కొత్త సరుకు మెరిసే అద్దాల షాపులు దాటి లోపలికి వెళ్తే రిపేరు దుకాణాలు తగులుతాయి. ఇంట్లో సొంతంగా కంప్యూటర్ బిగించుకోబోయి చేతులెత్తేసినవాళ్లంతా చివరికి చేరేది అక్కడికే. అలాంటి ఒక దుకాణంలో శనివారం పొద్దున స్టూలు వేసుకుని కూర్చున్నాను.

మెకానిక్‌ది ఐడీఈ కేబుళ్ల కాలం నాటి అనుభవం. కేబినెట్ బల్ల మీదికి ఎక్కకముందే మూడు ప్రశ్నలు వేస్తాడు: ఏం విప్పినవ్, ఏం మార్చినవ్, ఎప్పటిదాకా నడిచింది? జవాబు మాత్రం దాదాపు ఒకటే వస్తుంది: “నేనేం ముట్టలేదన్నా!”

ముందుగా ఒక ఇంజినీరింగ్ కుర్రాడు ఆటోలో కేబినెట్ వేసుకుని వచ్చాడు. ర్యామ్‌ను రబ్బరుతో తుడిచాడట, విండోస్ మళ్లీ ఎక్కిద్దామని చూశాడట, అయినా డిస్‌ప్లే రావడం లేదట. మెకానిక్ స్క్రూడ్రైవర్ జోలికే పోలేదు. కేబినెట్‌ను వెనక్కి తిప్పి, “మానిటర్ వైరు ఏడ గుచ్చినవ్ తమ్మీ?” అన్నాడు. కుర్రాడు పైన మదర్‌బోర్డు పోర్టు చూపించాడు. గ్రాఫిక్స్ కార్డు పోర్టు దానికి జానెడు కింద ఖాళీగా ఉంది. అతని ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ‘ఎఫ్’ ఉంది. అంటే అందులో సొంత గ్రాఫిక్స్ ఉండదు. బోర్డు పోర్టులోంచి బొమ్మ ఎన్నటికీ రాదు. వైరు కిందికి మార్చగానే తెర వెలిగింది. కుర్రాడి మొహం మాత్రం వాడిపోయింది. మెకానిక్ డబ్బులు తీసుకోలేదు.

ఆ తర్వాత వచ్చినాయన బాగా చదువుకున్నవాడిలా ఉన్నాడు. కొత్త మదర్‌బోర్డు డబ్బా తెరిచేసరికే పిన్నులు వంగి ఉన్నాయని వాదన. మెకానిక్ భూతద్దం నా చేతికిచ్చి, మొబైల్ టార్చి ఏటవాలుగా పట్టాడు. ప్రాసెసర్ కూర్చునే సాకెట్‌లో వెంట్రుక కొసంత సన్నని 1,700 కొక్కేలు ఒకే వైపు వాలి వరుసలు తీరి ఉన్నాయి. ఒక మూలన అయిదారు మాత్రం అణిగి, ఎదురు దిక్కుకు తిరిగాయి. “ఫ్యాక్టరీల వంగితే గిట్ల మూలకే ఎందుకుంటది సార్? ప్రాసెసర్ చేతిలకెళ్లి జారి, అంచు తగిలింది,” అన్నాడు నాతో, మెల్లగానే.

2004లో ఇంటెల్ ఎల్‌జీఏ 775తో పిన్నులను ప్రాసెసర్ మీంచి బోర్డు మీదికి మార్చింది. ఏఎండీ తన మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఆ పని చేసింది 2022లో, ఏఎం5 సాకెట్‌తో. అంతకుముందు ప్రాసెసర్ కాలు వంగితే బ్లేడుతో నిలబెట్టేవాళ్లు. ఇప్పుడు బోర్డే చిక్కుల్లో పడుతుంది; పిన్ను వంగితే వారంటీ దక్కడం కష్టం. పట్టకారుతో ఒక్కో కొక్కేన్ని లేపుతుంటే ఆయన నెమ్మదిగా బయటపడ్డాడు: బిగిస్తుండగా ఫోను మోగిందట.

చిన్న తప్పులను మెకానిక్ నవ్వుతూ ఏకరువు పెట్టాడు. హీట్‌సింక్ అడుగున అంటించిన ప్లాస్టిక్ పొర తీయకుండానే బిగించి, వేడెక్కుతోందని వచ్చేవాళ్లు. ఇత్తడి స్టడ్లు వేయకుండా బోర్డును నేరుగా రేకుకే బిగించి షార్ట్ చేసేవాళ్లు. డీడీఆర్4 స్లాటులో డీడీఆర్5 ర్యామ్‌ను నొక్కేవాళ్లు. రెండింటికీ 288 పిన్నులే. పొరపాటు జరగకూడదనే తయారీదారులు గాడిని వేర్వేరు చోట పెట్టారు. బొటనవేలి బలం ముందు ఆ జాగ్రత్త ఆగదు.

అసలు గాడే లేని తప్పు ఇంకోటుంది. దాని గురించి చెప్పేటప్పుడు మాత్రం అతను నవ్వలేదు. విడిగా ఊడొచ్చే కేబుళ్లున్న ఎస్‌ఎంపీఎస్ (కరెంటు అందించే పెట్టె) మార్చేటప్పుడు, పాతవి చక్కగా కట్టి ఉన్నాయి కదా అని చాలామంది వాటినే ఉంచేస్తారు. డిస్కు వైపు కొస అన్నిటికీ ఒకటే. ఎస్‌ఎంపీఎస్ వైపు కొసకు అందరూ పాటించే ప్రమాణం లేదు. ప్లగ్గు సరిగ్గానే దిగుతుంది, లోపల తీగల వరుస మాత్రం వేరుగా ఉంటుంది. 5 వోల్టులు అందాల్సిన చోటికి 12 వోల్టులు చేరితే హార్డ్‌డిస్కు అక్కడికక్కడే కాలిపోతుంది, అందులోని పెళ్లి ఫొటోలతో సహా.

అరలో కాలిన డిస్కులు పేర్చి ఉన్నాయి. వాటిలో ఒకటి దుకాణానిదే. ఎస్‌ఎంపీఎస్ మార్చిన సంగతి దాచి, డిస్కు దానంతటదే పోయిందన్నాడట ఒకాయన. పరీక్షకని దుకాణం డిస్కు తగిలిస్తే అదీ పోయింది. “మార్చిన అని ఒక్క మాట చెప్తే ముందుగాల కేబులే చూస్తుంటి సార్,” అన్నాడు. ఆ మూడు ప్రశ్నలు అప్పటినుంచే మొదలయ్యాయట. బిగించడంలో జరిగిన తప్పు ఒక్క సామానుతో పోతుంది. సిగ్గుపడి దాస్తే పక్కనున్నదాన్నీ తీసుకుపోతుంది.

మధ్యాహ్నానికి పిన్నులు నిలబడ్డాయి. ఒక ర్యామ్ స్లాటు మాత్రం లేవలేదు, మిగతాదంతా నడుస్తోంది. బిల్లు రాస్తుంటే పెద్దమనిషి గొంతు తగ్గించి, “ఇంట్లో ఏమని చెప్పాలన్నా?” అన్నాడు.

మెకానిక్ పెన్ను ఆపలేదు. “నాకు నిజం చెప్పినవ్, సాలు. బిల్లు మీద సర్వీసింగ్ అని రాస్తున్న, తీ!”