లాంగ్ పింగ్ ఎవరి పక్షము?

గత సంవత్సరము జిల్లా క్రీడోత్సవములలో మన బాలికల వాలీబాల్ జట్టునకు, మేము పూర్వ మారేండ్లు పనిచేసిన పాఠశాల జట్టుతోనే పోటీ పడెను. ఆటకు ముందునాటి సాయంకాలము ఆ పాఠశాల బాలిక యొకతె మాయొద్దకు వచ్చి నమస్కరించి, "మాష్టరుగారూ, రేపు మీరెవరి పక్షమండీ?" అని యడిగెను. ఆ పిల్లకు సర్వీసు చేయుట నేర్పినది మేమే. నవ్వి యూరకుంటిమి గాని, ఆ రాత్రి మాకు సరిగా నిద్ర పట్టలేదు. అప్పుడు చీనాదేశపు లాంగ్ పింగ్ కథ జ్ఞప్తికి వచ్చెను.

ఈమె 1960లో టియాన్‌జిన్ నగరమున జన్మించి, 1978లో జాతీయ జట్టున చేరెను. వల మీదుగా ఆమె చరచెడు దెబ్బ బలమునుబట్టి స్వదేశీయులు "ఇనుప సుత్తి" యని పేరుపెట్టిరి. ఆమె యాడిన కాలమున చీనా జట్టు 1981లో ప్రపంచ కప్పును, 1982లో ప్రపంచ విజేతృత్వమును, 1984లో లాస్ ఏంజెలెసునందు ఒలింపిక్ స్వర్ణపతకమును గెలిచెను. ఆ ఒలింపిక్ తుదిపోటీలో ఓడినవారు అమెరికనులు. ఈ సంగతిని చదువరులు గుర్తుంచుకొనవలెను.

ఆట విరమించిన పిమ్మట 1987లో ఆమె ఆ యమెరికాకే పోయి, న్యూమెక్సికో విశ్వవిద్యాలయమున చదువుకొనుచు, అచ్చటి జట్టునకు సహాయ శిక్షకురాలుగా పనిచేసెను. 1995లో స్వదేశము పిలువగా వచ్చి, మరుసటి యేడు అట్లాంటాలో చీనా జట్టునకు రజతపతకము సంపాదించి పెట్టెను. 1998లో అనారోగ్యముచే ఆ పని విడిచి, తరువాత ఇటలీలో కొన్నియేండ్లు శిక్షణ మిచ్చెను. 2005లో అమెరికా మహిళల జట్టునకు ముఖ్య శిక్షకురాలయ్యెను. ఆమె కుమార్తె ఆ దేశముననే పెరుగుచుండెను.

ఇక 2008వ సంవత్సరము. ఒలింపిక్ క్రీడలు బీజింగులో. ఆగస్టు 15వ తేదీన అమెరికా జట్టు చీనా జట్టును మూడు సెట్లకు రెండు సెట్లతో ఓడించెను. తాను పెరిగిన నగరమున, తన జనుల కన్నులయెదుట, వలకు ఆవలిప్రక్కన ఆమె కూర్చుండెను. ఆ జయము ఆమెకు తీపియో చేదో మే మెట్లు చెప్పగలము? సగమే నేర్పి తక్కినది దాచుకొనిన శిక్షకురాలు కాదనిమాత్రము ఆ ఫలితమే చెప్పుచున్నది. ఆ యేడు అమెరికాకు రజతము, చీనాకు కాంస్యము లభించెను.

2013లో ఆమె మరల చీనా జట్టును చేపట్టెను. 2016లో రియో నగరమున ఆ జట్టు మొదటి యైదాటలలో మూడు ఓడిపోయెను. నెదర్లాండ్స్, సెర్బియా, అమెరికా మూడును దానిని గెలిచినవి. ఎట్లో నాలుగవ స్థానముతో ముందునకు సాగగా, ఎదుట నిలిచినది అంతకుముందు రెండు ఒలింపిక్కులలో స్వర్ణము గొన్న బ్రెజిలు, అదియు దాని సొంత దేశముననే! చీనావారు మొదటి సెట్టు పోగొట్టుకొనియు, ఐదు సెట్లాడి గెలిచిరి. పిదప నెదర్లాండ్సును, తుదకు సెర్బియాను, తమ్ము నోడించిన ఆ జట్లనే, వరుసగా జయించి స్వర్ణము గైకొనిరి. క్రీడాకారిణిగను ముఖ్య శిక్షకురాలిగను ఒలింపిక్ వాలీబాల్ స్వర్ణము పొందినవారిలో లాంగ్ పింగే ప్రథమురాలు.

జీవితచరిత్రలు వ్రాయువారు ఇచ్చటనే ఆపుట వాడుక. మేము ఆపము. 2021లో టోక్యోలో ఆమె జట్టు తొలి మూడాటలు వరుసగా ఓడి, మొదటి దశలోనే వెనుదిరిగెను. అటుపిమ్మట ఆమె పదవి విడిచెను.

మరునాడు మన బాలికలు రెండు సెట్లకు ఒక సెట్టుగా ఓడిరి. కడపటి మూడు అంకములును ఆ బాలిక సర్వీసువలననే పోయినవి. ఆట ముగియగానే ఆమె రొప్పుచు మాయొద్దకు పరుగెత్తి వచ్చి, తన సర్వీసులో నింకను లోపమేమైన నున్నదా యని యడిగెను. మోచేయి కొంచెము ముందుగా వంగుచున్నదని చెప్పితిమి. కన్నులు తుడుచుకొనుచు మన జట్టు నాయకురాలు ప్రక్కనే నిలిచి వినుచుండెను.