తొట్టిలో సముద్రం

చారు ఎక్కువసేపు మరిగితే ఏమవుతుందో మీకు తెలుసు. ఉప్పెక్కుతుంది. మీరు మళ్ళీ ఉప్పు వేయలేదు కదా, మరి ఎందుకు ఉప్పెక్కింది? ఆవిరైపోయింది నీరు మాత్రమే. ఉప్పు గిన్నెలోనే మిగిలింది. మీలో ఉప్పుమడుల్లో పనిచేసినవారు ఉంటే ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు. నౌపడలో ఉప్పు పండేది ఈ సూత్రం మీదనే.

ఇంత తెలిసిన విషయంలోనే నేనొకసారి పెద్ద పొరపాటు చేశాను. అది మీకు చెప్పాలనుకుంటున్నాను.

ఉద్యోగరీత్యా మేము ఢిల్లీ దగ్గర, సముద్రానికి చాలా దూరంగా ఉంటున్నాం. మా ముందుగదిలో 100 లీటర్ల నీరు పట్టిన గాజుతొట్టి ఉంది. అందులో ఉప్పునీరు, సిమెంటుతో చేసిన రాళ్ళు, రెండు క్లౌన్ చేపలు, రెండు చిన్న రొయ్యలు ఉండేవి. ఇవి సముద్రంలో పగడపు దిబ్బల దగ్గర బతికే జీవులు. నిజమైన పగడాలు మాత్రం మా తొట్టిలో లేవు. గట్టి పగడాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు.

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. తొట్టిలోనూ అంతే ఉండాలి. ఇందుకు వంట ఉప్పు పనికిరాదు. సముద్రంలో మెగ్నీషియం, కాల్షియం వంటి లవణాలు కూడా ఉంటాయి కాబట్టి, అవన్నీ కలిపి తయారుచేసిన ఉప్పునే వాడాలి.

ఒక జూన్ నెలలో 10 రోజులు ఊరికి వెళ్ళవలసి వచ్చింది. ఎండలకు తొట్టిలో రోజుకు 2 లీటర్ల నీరు ఆవిరవుతోంది. గాజు మీద ఒక గీత గీశాను. డబ్బాల్లో 20 లీటర్ల ఉప్పునీరు కలిపి పెట్టాను. “నీరు గీత కిందికి దిగితే ఈ డబ్బాలోది పోయాలి” అని చీటీ రాసి పక్కింటి అమ్మాయికి ఇచ్చాను. ఆమె పదో తరగతి చదువుతోంది. వాళ్ళూ తెలుగువారే.

ఇక్కడ కాసేపు ఆగండి. కాగితం, పెన్సిలు తీసుకుని లెక్క వేయండి. మొదట తొట్టిలో ఉన్న ఉప్పు 100 × 35 = 3,500 గ్రాములు. కొత్తగా చేరింది 20 × 35 = 700 గ్రాములు. మొత్తం 4,200 గ్రాములు. నీరు మాత్రం అదే 100 లీటర్లు. అంటే లీటరుకు 42 గ్రాములు!

నేను తిరిగి వచ్చేసరికి నీరు సరిగ్గా గీత దగ్గరే ఉంది. చూడడానికి అంతా బాగానే ఉంది. రిఫ్రాక్టోమీటరుతో చూస్తే గాని అసలు సంగతి తెలియలేదు. కంగారుపడి రెండో తప్పు చేశాను. అరగంటలో 17 లీటర్లు తోడేసి, అంత మంచినీరూ ఒకేసారి పోశాను. మరునాడు ఉదయానికి రొయ్యలు రెండూ అడుగున చచ్చి పడి ఉన్నాయి.

చేపలు బతికాయి. సముద్రపు చేప ఉప్పునీరు తాగుతుంది, ఎక్కువైన ఉప్పును మొప్పల ద్వారా బయటికి పంపుతుంది. రొయ్యలు, నక్షత్ర చేపలు, పగడాలు ఇలాంటి మార్పును చేపలంత బాగా తట్టుకోలేవు.

ఆ అమ్మాయి వచ్చి చూసి ఏడ్చింది. “చీటీలో ఉన్నట్టే పోశాను ఆంటీ” అంది. కొంచెంసేపు ఊరుకుని, “ఆవిరిలో ఉప్పు పోదని మా పుస్తకంలో ఉంది కదా, మరి ఉప్పునీళ్ళు ఎందుకు పొయ్యమన్నారు?” అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. పాఠాలు రాయడమే నా వృత్తి. దూరాన ఉండి చదివేవారికి పక్కన ఉపాధ్యాయుడు ఉండడు, కాగితం మీద రాసిందే ఆధారం. ఆ కాగితంలోనే తప్పు ఉంది. “తప్పు నీది కాదమ్మా, నేను రాసిన చీటీది” అని చెప్పాను. పాత చీటీ చింపి, ఇద్దరం కూర్చుని కొత్తది రాశాం:

1. ఆవిరైన నీటికి బదులు మంచినీరు పోయాలి.
2. మనం తోడేసిన నీటికి బదులు, అంతే ఉప్పు ఉన్న నీరు పోయాలి. తోడినప్పుడు ఉప్పు కూడా పోతుంది కాబట్టి.
3. ఉప్పు ఎక్కువైతే ఒక్కసారిగా తగ్గించరాదు. లీటరుకు రోజుకు 1 గ్రాము చొప్పున, నెమ్మదిగా తగ్గించాలి.

ఈ లెక్కన 42 నుంచి 35కు రావడానికి 7 రోజులు పడుతుంది. నేను అరగంటలో చేయబోయాను.

ఇప్పుడు ఉదయం ఒక లీటరు, సాయంత్రం ఒక లీటరు వడపోసిన మంచినీరు పోస్తున్నాం. వారానికోసారి ఉప్పు కొలుస్తాం. నేను ఊళ్ళో లేనప్పుడు ఆ పని ఆ అమ్మాయిదే. కొత్త చీటీ ఇంకా తొట్టి పక్కనే అంటించి ఉంది.

ఒక మాట. ఈ పుస్తకంలోని పాఠాలు కూడా ఎవరో ఒకరు రాసినవే. మీకు తెలిసినదానితో ఏదైనా పొసగకపోతే, ఆ అమ్మాయిలాగే అడగండి.

ఆలోచించి రాయండి
1. తొట్టిలో నీరు గీత దగ్గరే ఉన్నా ఉప్పు ఎందుకు పెరిగింది?
2. 50 లీటర్ల తొట్టిలో 5 లీటర్లు ఆవిరైతే ఏ నీరు, ఎంత పోయాలి?
3. మీ ఇంట్లోనో, పనిలోనో ఇతరుల కోసం మీరు రాసిన ఒక సూచనను మళ్ళీ చదవండి. అందులో ఏమి మార్చాలి?